సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి అదురుతోందా? ఇంజన్ విప్పించే ముందు ఇవి చూడండి

"ఎన్‌ఫీల్డ్ అంటే ఆ మాత్రం అదురు ఉంటది బ్రదర్" అని అమ్మినాయన చెప్పే ఉంటాడు. అందులో సగం నిజం. మన జేబుకు చిల్లు పెట్టేది మిగతా సగం. థండర్‌బర్డో, హిమాలయనో, మీటియారో సెకండ్స్‌లో కొని, మొదటి లాంగ్ రైడ్‌లోనే అరచేతులు తిమ్మిరెక్కాయనుకోండి. వెంటనే షెడ్డుకు పోయి "ఇంజన్ ఒకసారి చూడన్నా" అనకండి. ఆ మాట అన్నాక ఇంజన్ విప్పకుండా వదిలే షెడ్డు తక్కువ. ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ అదురు ఇంజన్ వేగంతో మారుతోందా, బండి వేగంతో మారుతోందా?

ఏ ఇంజన్‌కు ఎంత సహజం

ఈ బళ్లన్నీ సింగిల్ సిలిండర్‌వి. పిస్టన్ పైకి కిందకి కొట్టుకునే బలాన్ని క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుగా మార్చే ఇరుసు) బరువు పూర్తిగా సర్దలేదు. ఆ బలం ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 3000 నుంచి 4500కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లవుతుంది. పాత థండర్‌బర్డ్ 350లో ఉన్న 346 సీసీ యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే రకం) ఇంజన్‌కు బ్యాలెన్సర్ షాఫ్ట్ (అదురును తగ్గించే ఎదురు బరువున్న ఇరుసు) లేదు. పైగా స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు. పైవేగంలో అది జుమ్మనక తప్పదు. హిమాలయన్ 411లో బ్యాలెన్సర్ ఉంది. 2020లో మీటియార్‌తో వచ్చిన 349 సీసీ ఇంజన్‌లోనూ ఉంది. కాబట్టి థండర్‌బర్డ్‌లో సహజమని వదిలేసే అదురు మీటియార్‌లో వస్తే అది జబ్బే.

అన్నిటికన్నా మంచి కొలబద్ద అదే మోడల్ ఉన్న ఇంకో బండి. తెలిసినవాళ్ల బండి తీసుకుని అదే రోడ్డు మీద, అదే గేరులో, అదే స్పీడులో పది నిమిషాలు నడపండి. యూట్యూబ్ రివ్యూలు వంద చూసినా ఆ పది నిమిషాలకు సాటిరావు.

మూడు పరీక్షలు

ట్రాఫిక్ లేని నున్నటి రోడ్డు కావాలి. హైదరాబాద్ వాళ్లకు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పైకి బైకులకు ప్రవేశం లేదు కాబట్టి సర్వీస్ రోడ్డు చూసుకోవాలి, తెల్లవారుజామున అయితే మేలు.

మొదటిది: అదురు బాగా తెలిసే స్పీడుకు వెళ్లి, క్లచ్ పట్టి, ఎక్సలేటర్ వదిలేయండి. బండి జారుతూ పోతుంటే అదురు అలాగే ఉందా? తప్పు చక్రాల వైపు ఉంది. ఠక్కున ఆగిపోయిందా? ఇంజన్, లేదా ఇంజన్ లాగుతున్నప్పుడు చైన్ వైపు.

రెండోది: అదే స్పీడులో ఒక గేరు తగ్గించండి. జుమ్మనడం సన్నబడి, పదునెక్కితే అది ఇంజన్‌దే. ఏ మార్పూ లేకపోతే చక్రాలదే.

మూడోది: సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో అదే ఆర్పీఎంకి లేపండి. మీటియార్‌కు ఆర్పీఎం మీటరు లేదు, చెవిని నమ్ముకోవాలి. నిలబెట్టినా అదే అదురు వస్తే చైన్, చక్రాలు నిర్దోషులు. గాలి తగిలి చల్లబడే ఇంజన్లు కాబట్టి నిలబెట్టి ఎక్కువసేపు రేస్ చేయొద్దు.

చేతికి తెలిసే తేడా కూడా ఉంది. 4000 ఆర్పీఎం అంటే క్రాంక్ సెకనుకు దాదాపు 67 సార్లు తిరుగుతుంది, అది సన్నటి జుమ్మనే అదురు. 80 స్పీడులో వెనక చక్రం సెకనుకు దాదాపు 11 సార్లే తిరుగుతుంది, అది బండిని ఊపే వణుకు. కొన్నాళ్లకు చూడకుండానే పట్టేస్తారు.

అన్ని ఆర్పీఎంలలోనూ ఫుట్‌రెస్ట్, ట్యాంకు, సీటు అదురుతున్నాయి

సెకండ్ హ్యాండ్ బళ్లలో నేను మొదట అనుమానించేది ఇంజన్‌ను ఫ్రేమ్‌కు బిగించే ఫౌండేషన్ బోల్టులనే. థండర్‌బర్డ్‌లో ఇంజన్ ఫ్రేమ్‌లో ఒక భాగంలా బిగించి ఉంటుంది, మధ్యలో రబ్బర్లు లేవు. ఒక్క బోల్టు వదులైనా ఫ్రేమ్ మొత్తానికి తెలుస్తుంది. సిలిండర్ హెడ్‌ను పైన ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న పట్టీ ఒకటుంటుంది. ట్యాంకు కింద దాక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. దాని బోల్టు వదులైతే, లేదా పాత ఓనరు సర్వీసులో అసలు వేయకుండా వదిలేస్తే, మిగతా బోల్టులు ఎంత బిగించినా ఫలితం ఉండదు.

బిగించే పద్ధతి ముఖ్యం. ఉన్న బోల్టును ఉన్నట్టే బలంకొద్దీ తిప్పితే ఇంజన్ వంకరగా కూర్చుని అక్కడే బిగుసుకుపోతుంది. అన్నిటినీ కొంచెం వదులు చేసి, ఇంజన్ తన చోట కుదురుకున్నాక, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకు బిగించాలి. టార్క్ రెంచ్ లేని షెడ్డులో ఈ పని చేయించకండి.

తర్వాత పాత ఓనరు సరదాలు: లెగ్ గార్డు, శాడిల్ స్టే (పక్క సంచులు తగిలించే కడ్డీలు), పొడవు హ్యాండిల్, లోకల్ సైలెన్సర్. ఇంజన్ మౌంటింగ్ దగ్గరే బిగించే పెద్ద లెగ్ గార్డులు వాటంతట అవే మోగుతాయి. స్నేహితుణ్ణి ఎక్సలేటర్ పట్టుకోమని, ఒక్కోదాన్నీ చేత్తో గట్టిగా అదిమి చూడండి. ఏది పట్టుకుంటే అదురు తగ్గిందో అదే దొంగ. సైలెన్సర్ జోలికి మాత్రం చెయ్యి పోనివ్వకండి, కాలుతుంది. దాని క్లాంపులు, రబ్బర్లు బండి చల్లారాక చూసుకోవచ్చు.

హ్యాండిల్ మాత్రమే జుమ్మంటోంది, అద్దాల్లో ఏమీ కనబడట్లేదు

ఒక ఆర్పీఎం దగ్గర మాత్రమే వచ్చి, దాటాక పోతే చాలావరకు సహజం. కాకపోతే హ్యాండిల్ చివర్ల బరువులు ఉన్నాయో లేదో చూడండి. హ్యాండ్ గార్డులు బిగించేటప్పుడు వాటిని తీసి పారేసేవాళ్లు ఎక్కువ. ఆ బరువులు అక్కడ పెట్టింది అందం కోసం కాదు. హ్యాండిల్ క్లాంపు బోల్టులూ చూడండి. మెత్తటి గ్రిప్పులు, జెల్ గ్లౌజులు కారణం దొరికాక చివర్లో కొనుక్కోవాల్సినవి. ముందే కొంటే జబ్బు దాగిపోతుంది.

టాప్ గేరులో మెల్లగా పోతుంటే బండి కుదుపుతోంది

ముందు మన నడపడం చూసుకోవాలి. వంద సీసీ బండి అలవాటుతో 40కే టాప్ గేరు వేస్తే పెద్ద సింగిల్ సిలిండర్ తన్నుకుంటుంది. గేరు తగ్గిస్తే పోతే బండికి ఏమీ లేదు.

పోకపోతే చైన్. సెంటర్ స్టాండ్ మీద, ఇంజన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చైన్ లూజు కొలవండి. ఒకచోట బిగువుగా, ఒకచోట వేలాడుతూ ఉంటే ఆ చైన్ పని అయిపోయింది, బిగించి లాభం లేదు. రెండు స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ల చక్రాలతో) కలిపి మొత్తం చైన్ సెట్ మార్చాలి. ఎక్సలేటర్ వేసి తీసినప్పుడల్లా వెనక నుంచి టక్ మంటే వెనక డ్రమ్ములోని రబ్బర్లు అరిగాయి. చవక భాగాలు, చైన్ సెట్‌తో పాటే మార్పించేయండి. ఇంజన్ నడుస్తుండగా గేరులో పెట్టి చైన్ దగ్గర గుడ్డ పట్టుకోవడం మాత్రం వద్దు, వేళ్లు పోతాయి.

అదురుతో పాటు మిస్సింగ్, పికప్ లేకపోవడం

థండర్‌బర్డ్ యూసీఈ ఇంజన్‌కు ప్లగ్గులు రెండు. ఒకటి చచ్చినా రెండోదాని మీద బండి నడుస్తూనే ఉంటుంది, కాకపోతే గరుకుగా, బరువుగా. పాత ఓనరు నెలల తరబడి అలాగే తిప్పి ఉండొచ్చు. రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఇటుక రంగులో, రెండోది తడిగా నల్లగా ఉంటే ఆ వైపు ప్లగ్గు, క్యాప్, కాయిల్ వరసగా చూడాలి. ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ ఆ తర్వాత.

ఒక జాగ్రత్త. ఇదే ఇంజన్‌కు ట్యాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) హైడ్రాలిక్‌వి, ఆయిల్ ఒత్తిడితో వాటంతట అవే సర్దుకుంటాయి, సెట్టింగ్ ఉండదు. "ట్యాపెట్ సెట్టింగ్ చేశాం" అని బిల్లులో రాస్తే ఆ షెడ్డుకు అదే చివరిసారి. హిమాలయన్‌లో మాత్రం ఆ పని నిజంగానే ఉంటుంది.

క్లచ్ పట్టినా వణుకు పోలేదు

టైర్లతో మొదలుపెట్టండి. గాలి కొట్టించి, టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండికి టైరు కింది భాగం చదునవుతుంది. చక్రం ఎత్తి తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకోండి, బెండు ఉన్నచోటే గీత పడుతుంది. స్పోకులు ఒక్కొక్కటే తట్టండి, వదులుగా ఉన్నది డల్‌గా మోగుతుంది. చక్రాన్ని అటూ ఇటూ ఊపితే ఆడితే బేరింగులు. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో ఒకచోట పట్టేసినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు).

ఇవేవీ కాకపోతే

అప్పుడే ఇంజన్. ముందు ఆయిల్ దింపించండి, ఎన్‌ఫీల్డ్‌లకు 15డబ్ల్యూ50 వేస్తారు. దిగిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే. చేతికి తగిలే లోహపు ముక్కలు, రేకులు ఉంటే మామూలు కాదు.

ఇంజన్ ఇదివరకే విప్పారా అన్నదీ చూడాలి. బోల్టుల తలలు అరిగి ఉండడం, గ్యాస్కెట్ అంచుల్లో గమ్ము బయటికి ఉబికి ఉండడం గుర్తులు. హిమాలయన్, మీటియార్ లాంటి బ్యాలెన్సర్ ఇంజన్లలో అలాంటి గుర్తులుండి, అదురు విపరీతంగా ఉంటే, తిరిగి బిగించేటప్పుడు బ్యాలెన్సర్ గేరు మార్కు కలపలేదేమో అడగండి. ఒక్క పన్ను తప్పినా, అదురు తగ్గించాల్సిన బరువు అదురు పెంచుతుంది. మార్కు సరిచేస్తే చాలు, కొత్త భాగాలేవీ అక్కర్లేదు.

ఆర్పీఎంతో పాటు పెరిగే బరువైన గుడగుడ, ఎక్సలేటర్ వేసినప్పుడు లోపలినుంచి ఠకఠక, ఆయిల్‌లో లోహం, ఈ మూడూ కలిస్తే క్రాంక్ బేరింగులో, కనెక్టింగ్ రాడ్ బేరింగో పోయినట్టే. ఆ బండిని షెడ్డు దాకా కూడా నడపొద్దు, ట్రాలీ ఆటోలో వేయించండి. కొన్నది వారం లోపలే అయితే దిగిన ఆయిల్ వీడియో తీసి అమ్మినాయనకు పంపి, ధర మాట్లాడండి.