వీధికుక్కను మచ్చిక చేసుకోవడం ఎలా

వీధిలో పెరిగిన కుక్కను ఇంటికి తేగానే అందరూ చుట్టూ చేరి తల నిమురుతారు. మచ్చిక చెడేది అక్కడే. కుక్కపిల్లలకు 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా మనుషులు తేలిగ్గా అలవాటవుతారు. ఆ వయసు దాటిన కుక్కకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

గోడవారగా పాత దుప్పటి పరిచి, పక్కన నీళ్లగిన్నె పెట్టండి. మొదటి 3 రోజులు ఆ మూలకు ఎవరూ వెళ్లొద్దు, పిల్లలు అసలే వద్దు. స్నానం సంగతి తర్వాత చూసుకోవచ్చు. రేబిస్ టీకా, నులిపురుగుల మందు మాత్రం వాయిదా వేయకండి.

ఆ తర్వాత తిండితో మొదలుపెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసుకోండి. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. ఆరడుగుల దూరంలో, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, ముక్కను దాని వెనక పడేలా విసరండి. మీ ముందు వేస్తే ఆశకొద్దీ వస్తుంది; తిన్నాక తలెత్తి మీరింత దగ్గరున్నారని చూసి బెదిరిపోతుంది. వెనక్కి వెళ్లి తిన్న కుక్క తనంతట తాను మళ్లీ మీవైపు అడుగేసిందంటే, అది నిజమైన మచ్చిక.

కళ్లలోకి చూడకండి. కుక్కా యజమానీ ఒకరినొకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే, అనుబంధాన్ని పెంచే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపారు. అయితే అది అప్పటికే కలిసి బతుకుతున్నవాళ్ల సంగతి. కొత్త కుక్కకు అదే చూపు బెదిరింపు.

దగ్గరికొచ్చాక చెయ్యి తల మీదుగా పోనివ్వకండి. ఛాతీ మీదో మెడ పక్కనో 3 సెకన్లు నిమిరి తీసేయండి. ముట్టెతో చేతిని నెడితే ఇంకాస్త నిమరండి. మొహం తిప్పుకున్నా, మూతి నాక్కున్నా, నిద్ర లేకుండానే ఆవులించినా ఆ పూటకు ఆపేయండి.

గుర్రుమంటే దయచేసి కొట్టకండి. గుర్రుమనడం మానేస్తుంది గానీ భయం పోదు, రేపు హెచ్చరించకుండా కరుస్తుంది. ఎప్పుడైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు వెళ్లండి.

దీపావళి ముందు వారంలో మాత్రం కొత్త కుక్కను తేవద్దు. టపాసుల మోతకు తాడు తెంపుకుని పారిపోతే, ఇంకా ఇల్లే తెలియని కుక్కకు వెనక్కి దారి దొరకదు.