బయాప్సీ రిపోర్టు చదువుదాం – 4: గారెనా, బూరెనా?

పోయిన పాఠం చివర్లో ఇచ్చిన ప్రశ్న చాలామందిని బోల్తా కొట్టించింది. 'లింఫు గ్రంథి బయాప్సీలో బీసీఎల్2 అనే ప్రోటీన్ పాజిటివ్ వచ్చింది, ఏమంటారు?' అని అడిగాను. దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు: 'బీసీఎల్2 జన్యువు ఓవర్ఎక్స్‌ప్రెషన్ (అతిగా పనిచేయడం), కాబట్టి లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్).' ఇద్దరు మాత్రం 'పాజిటివ్ ఎక్కడండీ? ఏ కణాల్లో?' అని నన్నే తిరిగి అడిగారు. మార్కులు వాళ్ళకే. ఈ వారం మిక్ అనే మరో జన్యువు గురించి మొత్తం చెబుదామనుకున్నాను, కానీ ఈ చిక్కు విప్పకుండా ముందుకు పోతే లాభం లేదు.

జన్యువు నుంచి ప్రోటీన్ ఎలా తయారవుతుందో, కణాల్లో ప్రోటీన్లను వెతికే ఐహెచ్‌సీ స్టెయిన్ ఎలా వేస్తారో మళ్ళీ చెప్పను. ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు, మిగతా చోట నీలం. ఈ పాఠానికి అంత తెలిస్తే చాలు.

పాజిటివ్ వేరు, ఓవర్ఎక్స్‌ప్రెషన్ వేరు. ఈ రెండూ కలిపేస్తే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. బీసీఎల్2 ప్రోటీన్ పని కణం చచ్చిపోకుండా ఆపడం. అది మన ఒంట్లో మామూలు లింఫు కణాలకు కూడా కావాలి. కాలికి ముల్లు గుచ్చుకుని గజ్జల్లో బిళ్ళ కట్టిందనుకోండి. ఆ బిళ్ళను కోసి స్టెయిన్ వేసినా బీసీఎల్2 పాజిటివే వస్తుంది. ఎందుకంటే అందులోని టీ కణాలకూ (ఒక రకం లింఫు కణాలు), ఫాలికల్ (యాంటీబాడీలు చేసే బీ కణాల గుండ్రటి గుంపు) చుట్టూ వలయంలా ఉండే మాంటిల్ కణాలకూ బీసీఎల్2 సహజంగానే ఉంటుంది.

లేనిది ఒక్క చోటే: ఫాలికల్ నడుమ ఉండే జెర్మినల్ సెంటర్లో. అక్కడ బీ కణాలకు పరీక్ష జరుగుతుంది. పనికిరాని యాంటీబాడీ చేసే కణం అక్కడే చావాలి. అందుకే ఆ కాసేపు బీసీఎల్2ను ఆపేసుకుంటాయి. స్లైడ్ మీద అది ఎలా కనిపిస్తుందంటే, చుట్టూ గోధుమ వలయం, మధ్యలో నీలం చిల్లు. అచ్చం గారె. ఫాలిక్యులర్ లింఫోమాలో సాధారణంగా ఆ చిల్లు పూడిపోతుంది, నిండుగా బూరెలా ఉంటుంది. అంటే చావాల్సిన చోట కణాలు చావడం లేదు. ఓవర్ఎక్స్‌ప్రెషన్ అంటే ఇదీ: ఆ కణం ఆ చోట ఎంత చేయాలో అంతకు మించి చేయడం. అదే చోట ఉండే మామూలు కణాలతో పోల్చకుండా ఈ మాట వాడకూడదు.

రెండు మెలికలున్నాయి. గారె చిల్లులో కూడా అక్కడక్కడా గోధుమ చుక్కలుంటాయి, అవి టీ కణాలు. నేర్చుకునే రోజుల్లో నేను వాటినే చూసి 'పాజిటివ్' అని ధీమాగా చెప్పేశాను. మా సార్ ఏమీ అనలేదు, పక్కనున్న సీడీ3 స్లైడు (టీ కణాలను పట్టిచ్చే స్టెయిన్) నా వైపు జరిపారు. చూస్తే అవే చుక్కలు. ఇక రెండోది, ఇంకా జెర్మినల్ సెంటర్ ఏర్పడని ప్రైమరీ ఫాలికల్. అది పుట్టుకతోనే బూరె, జబ్బు కాదు. అందుకే నేను బీసీఎల్2 స్లైడును ఎప్పుడూ ఆఖర్న చూస్తాను. సీడీ3, ఆపైన జెర్మినల్ సెంటర్ కణాలను పట్టిచ్చే సీడీ10, బీసీఎల్6 చూశాకే దాని జోలికి వెళ్తాను. కొందరు మొదటే చూస్తారు, వాళ్ళ ఇష్టం.

మరి జన్యువు ఎందుకు అంతలా పనిచేస్తుంది? 'మ్యుటేషన్ వల్ల పాడైంది' అని చాలామంది రాశారు. అసలు కారణం చాలాసార్లు అది కాదు. ఒక బస్తీ సందులోని చాయ్ బండిని తెచ్చి అమీర్‌పేట మెట్రో మెట్ల కింద పెట్టండి. అదే పొడి, అవే పాలు, అదే మనిషి, గిరాకీ మాత్రం ఆగదు. బీ కణాల్లో ఆ మెట్రో మెట్లు 14వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. యాంటీబాడీ బరువు గొలుసు (హెవీ చైన్) జన్యువు ఉండే చోటు అది, ఎప్పుడూ రద్దీయే. 18 నుంచి బీసీఎల్2 అక్కడికి చేరితే ఫాలిక్యులర్, 11 నుంచి సైక్లిన్ డీ1 (కణ విభజనను నడిపే జన్యువు) చేరితే మాంటిల్ సెల్, 8 నుంచి మిక్ చేరితే బర్కిట్ లింఫోమా. '18, 11, 8, అందరి గమ్యం 14' అని నేను బట్టీ పట్టాను, ఇప్పటికీ అదే పనికొస్తోంది. మిక్ అప్పుడప్పుడు 14తో కాక 2తోనో, 22తోనో కూడా జతకడుతుంది, అవి కూడా యాంటీబాడీ చిరునామాలే.

ఇక మిక్. అది కణాన్ని విభజించమని తరుముతుంది. చిత్రం ఏమిటంటే, మరీ ఎక్కువైతే అదే కణాన్ని చావు వైపు కూడా నెడుతుంది. బీసీఎల్2 తోడైతే ఆ దారి మూసుకుపోతుంది. 1988లో మెల్‌బోర్న్‌లో శాస్త్రవేత్తలు డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ చూపించింది ఇదే: బీసీఎల్2 కణాలను తొందరపెట్టదు, బతికిస్తుంది, మిక్‌తో కలిస్తే రెచ్చిపోతుంది.

అందుకే పెద్ద బీ కణాల లింఫోమా రిపోర్టులో మిక్ 40 శాతం, బీసీఎల్2 50 శాతం కణాలు దాటితే 'డబుల్ ఎక్స్‌ప్రెసర్' అని రాస్తారు. దీన్ని 'డబుల్ హిట్' అనకండి. డబుల్ హిట్ అంటే ఫిష్ టెస్టులో (జన్యువు చోటు మారిందో లేదో చూసే పరీక్ష) మిక్, బీసీఎల్2 జన్యువులు రెండూ చోటు మారినట్టు తేలాలి. బండి కదలకుండానే గిరాకీ పెరగొచ్చు: జన్యువు కాపీలు పెరిగినా, దాన్ని అదుపు చేసేవి పోయినా సరే.

అభ్యాసం. పెన్సిల్‌తో మూడు ఫాలికల్స్ గీయండి: మామూలుది, ఫాలిక్యులర్ లింఫోమాది, ప్రైమరీది. మూడింటికీ బీసీఎల్2, సీడీ3, సీడీ10, మొత్తం తొమ్మిది బొమ్మలు. చుక్కలు కూడా వేయాలి, ఊరికే రంగు పూస్తే ఒప్పుకోను. తర్వాత ఈ రిపోర్టు చూడండి: 'సైక్లిన్ డీ1 పాజిటివ్, రక్తనాళాల లోపలి పొర కణాల్లో మాత్రమే.' మాంటిల్ సెల్ లింఫోమా ఉన్నట్టా, స్టెయిన్ సరిగ్గా పనిచేసినట్టా? ఒక్క వాక్యంలో రాయండి.