గూగుల్‌లో పైవరుస: కొనేవారి మాటతో పేజీ రాయడం

సైటు పెట్టి ఆరు నెలలైనా గూగుల్‌లో కనపడటం లేదంటూ గుంటూరు, విజయవాడల నుంచి నా దగ్గరకు వచ్చే వ్యాపారులను నేను మొదట అడిగేది వారి దుకాణానికి వచ్చే ఫోన్ల గురించి. ఎండుమిర్చి, కారం పార్సిలు కట్టి ఊళ్ళకు పంపే గుంటూరు వ్యాపారి ఒకరు తన సైటు మొదటి పేజీలో ‘నాణ్యమైన మిరప ఉత్పత్తులకు విశ్వసనీయ కేంద్రం’ అని రాయించుకున్నారు. ఆయనకు రోజూ ఫోను చేసేవారిలో ఒక్కరూ ‘ఉత్పత్తి’ అన్న మాట పలకరు. ‘తేజ కిలో ఎంత’, ‘ఆవకాయకు ఏ కారం బాగుంటుంది’, ‘తొడిమ తీసినవి ఉన్నాయా’, ‘హైదరాబాదుకు పంపితే కొరియరు ఎంతవుతుంది’ అని అడుగుతారు. ఆ నాలుగింటిలో ఒక్కదానికీ సైటులో జవాబు లేదు. అడిగే మాట ఒకటి, పేజీలో ఉన్న మాట మరొకటి అయినప్పుడు గూగుల్‌ను తప్పుపట్టి లాభం లేదు.

కాబట్టి పని గల్లాపెట్టె దగ్గర మొదలవుతుంది. పదిహేను రోజుల పాటు ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అడిగినవారి ప్రశ్నను వారి మాటల్లోనే, దిద్దకుండా రాసుకోవాలి. వాట్సాప్‌లో పడి ఉన్న పాత సందేశాలను కూడా అందులోకి ఎక్కించాలి. ఒకే సంగతిని ముగ్గురు మూడు రకాలుగా అడిగితే మూడూ రాయాలి. ఎండుమిర్చి, ఎండు మిరపకాయలు, వట్టి మిరపకాయలు అన్నవి అమ్మేవారికి ఒకటే సరుకైనా, ఫోనులో వెతికేవారు తమ ఇంట్లో అలవాటైన మాటనే వాడతారు.

తరువాత ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా గూగుల్‌లో మీరే వెతికి, ఇప్పుడు పైన ఏయే రకం పేజీలు వస్తున్నాయో చూడాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ‘గుంటూరు కారం’ అనే మాట కారం అమ్మేవారికి బంగారంలా తోస్తుంది. కానీ 2024 సంక్రాంతికి ఆ పేరుతో సినిమా వచ్చింది గనుక ఆ రెండు మాటలు వెతికేవారిలో పాటలు, సన్నివేశాలు కావలసినవారు కోకొల్లలు. ఆ మాట మీద పోటీ పడటం కన్నా ‘పచ్చళ్ళకు గుంటూరు కారం’, ‘గుంటూరు కారం కిలో ధర’ వంటి పొడవైన మాటలను పట్టుకోవడం మేలు. ‘మిర్చి ధర ఈరోజు’ అని వెతికేవారిలో ఎక్కువమంది రైతులు, కమీషను వ్యాపారులు. వారికి కావలసింది మిర్చి యార్డులో పలికిన క్వింటాలు ధర. ఇంటికి రెండు కిలోలు తెప్పించుకునే గృహిణికి ఆ అంకెతో పని లేదు. యార్డు ధరలను రోజూ మార్చి పెట్టగలిగే ఓపిక ఉంటేనే ఆ ప్రశ్నకు పేజీ పెట్టాలి. నెల కిందటి ధర ఉన్న పేజీ వచ్చినవారిని వచ్చినట్టే వెనక్కి పంపుతుంది.

ఇక పేజీ రాయడం. ఒక పేజీ ఒక ప్రశ్నకు జవాబు కావాలి, ఆ జవాబు మొదటి పేరాలోనే రావాలి. ‘ఆవకాయకు ఏ మిర్చి వాడాలి’ అన్న పేజీ తీసుకుందాం. మిరపకాయ మన దేశానికి ఎప్పుడు వచ్చిందో చెబుతూ మొదలుపెట్టే వ్యాసాలు లెక్కలేనన్ని ఉన్నాయి. చదివేవారు మామిడికాయలు కొట్టించి పెట్టుకుని ఫోను చూస్తున్నారని గుర్తుంచుకుంటే అలా రాయబుద్ధి కాదు. తేజకు ఘాటు ఎక్కువనీ, కర్ణాటక నుంచి వచ్చే ముడతల బ్యాడిగికి రంగు ఎక్కువ, కారం తక్కువనీ, సన్నం రకం ఆ రెంటికీ మధ్యన ఉంటుందనీ, ఇంట్లో తినేవారిని బట్టి వేటిని ఏ పాళ్ళలో కలపాలో మొదటి నాలుగైదు వాక్యాల్లోనే చెప్పాలి. మిగతా వివరమంతా దాని కిందికి రావాలి.

ఆ మిగతా వివరంలోనే మీ పేజీకీ పది చోట్ల చూసి కూర్చిన పేజీకీ తేడా తేలుతుంది. గూగుల్ తన ఫలితాల నాణ్యతను పరీక్షించే మనుషులకు ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతలకు తోడుగా 2022 డిసెంబరులో ‘అనుభవం’ అన్న కొలతను చేర్చింది. రాసినవారు ఆ పని స్వయంగా చేసినవారా అన్నదే దాని సారం. ముప్పై ఏళ్ళుగా మిర్చి కొంటున్న మనిషికి చెప్పడానికి ఎన్ని సంగతులు ఉంటాయో ఆయనకే తెలియదు. తాలు కాయను కంటితో ఎలా గుర్తుపట్టాలో, కోల్డు స్టోరేజీ నుంచి తీసిన సరుకుకూ కొత్త పంటకూ తేడా ఏమిటో, కారం పట్టించే ముందు ఎంతసేపు ఎండబెట్టాలో ఆయన మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేసి, ఆ మాటలనే చక్కగా రాసి పెట్టాలి. తేజ, బ్యాడిగి, సన్నం కాయలను ఒక తెల్లటి పళ్ళెంలో పక్కపక్కన పెట్టి దుకాణంలోనే ఫొటో తీయాలి. ఇంటర్నెట్‌లో దొరికే మెరుగులు దిద్దిన మిరపకాయ బొమ్మ అందరి సైట్లలోనూ ఉన్నదే. ఈ రోజుల్లో ఒక్క పూటలో వంద వ్యాసాలను యంత్రంతో రాయించి పెట్టవచ్చు. యంత్రం రాసిందా, మనిషి రాశాడా అన్నది తనకు ముఖ్యం కాదని గూగుల్ చెబుతున్నా, వరుసలో పైకి రావడం కోసమే గుట్టలుగా తయారు చేసిన పేజీలను 2024 మార్చి నుంచి స్పామ్‌గా లెక్కగడుతోంది.

శీర్షిక విషయంలో పొదుపు అవసరం. ఫలితాల్లో నీలం అక్షరాల్లో కనిపించే ఆ వరుస ఫోను తెర మీద కొంత దూరం పోయాక తెగిపోతుంది గనుక ముఖ్యమైన మాట ముందే రావాలి. ‘ఆవకాయకు ఏ మిర్చి? తేజ, బ్యాడిగి, సన్నం తేడాలు’ అంటే చాలు. దుకాణం పేరు చివర పెట్టుకోవచ్చు. కింద బూడిద రంగులో వచ్చే వివరణ వాక్యాలు ఫలితాల్లో స్థానాన్ని పెంచవు, కానీ చదివినవారు నొక్కాలా వద్దా అన్నది వాటిని బట్టి తేల్చుకుంటారు. పేజీ లోపల కనపడకుండా ఇరికించే కీవర్డ్స్ ట్యాగును తాము వరుస నిర్ణయించడానికి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ ఆ పనికి డబ్బు తీసుకునేవారు మన బెజవాడలో కనిపిస్తూనే ఉన్నారు. ఒకే మాటను పేరాకు ఆరుసార్లు రాయడం కూడా ఆ కాలపు అలవాటే. పేజీని పైకి చదివి చూడండి. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్న చోట ఆ మాట ఎక్కువైనట్టే.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. విజయవాడ అచ్చు పనులకు పేరుపడ్డ ఊరు, కనుక కరపత్రం కోసం డీటీపీ చేయించిన పాఠం దాదాపు ప్రతి వ్యాపారి దగ్గరా ఉంటుంది. ఆ పాఠం సాధారణంగా యూనికోడ్ (ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాని పాత ఫాంట్లలో ఉంటుంది. దాన్ని నేరుగా సైటులో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది, లేదా ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో మాత్రమే తెలుగులా కనిపిస్తూ గూగుల్‌కు గజిబిజిగా అందుతుంది. యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన ఒత్తులను దిద్దుకున్న తరువాతే పెట్టాలి. కరపత్రాన్నే బొమ్మగా పెట్టడం మరో పొరపాటు. ధరలు, రకాలు, చిరునామా అక్షరాలుగా పేజీలో ఉండాలి, బొమ్మకు ‘తేజ, బ్యాడిగి ఎండుమిర్చి పక్కపక్కన’ వంటి ప్రత్యామ్నాయ పాఠం, అంటే బొమ్మలో ఏముందో గూగుల్‌కు తెలిపే మాటలు, జతచేయాలి.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతికేవారు చాలామంది, మైకు నొక్కి తెలుగులోనే అడిగేవారూ పెరుగుతున్నారు. అలాగని ఒకే పేజీలో రెండు లిపుల కలగాపులగం చేయవద్దు. తెలుగు పేజీని తెలుగుగానే ఉంచి, పొరుగు రాష్ట్రాలవారికీ విదేశాల్లో ఉన్న మనవారికీ ఇంగ్లీషులో వేరే పేజీ రాసి, రెండూ ఒకదానికొకటి జంట అని తెలిపే హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తును రెంటిలోనూ పెట్టించాలి. పేజీ చిరునామాను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంచడం నా అలవాటు, ఎందుకంటే తెలుగు అక్షరాల చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు అది శాతం గుర్తులతో నిండిన చాంతాడంత వరుసగా మారుతుంది.

సాంకేతికమైన పనుల్లో మొదటిది సైటు గూగుల్ సూచికలో, అంటే అది చదివి దాచుకున్న పేజీల జాబితాలో, అసలు ఉందో లేదో చూసుకోవడం. విజయవాడలో ఒక పచ్చళ్ళ వ్యాపారి సైటు ఐదు నెలల పాటు ఎక్కడా కనపడలేదు. తయారు చేసినవారు సైటును పరీక్షించే సమయంలో పెట్టిన, ఫలితాల్లో చూపవద్దని గూగుల్‌కు చెప్పే ‘నోఇండెక్స్’ ఆదేశాన్ని తీయడం మరిచిపోయారు, ఈలోగా ఆయన ప్రకటనలకు డబ్బు పోస్తూనే ఉన్నారు. ప్రకటనలకు ఎంత పెట్టినా అది మామూలు ఫలితాల్లో చోటును కొనిపెట్టదు. సైటు ఫలితాల్లో ఎలా కనిపిస్తోందో చూపేందుకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేసి, సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) సమర్పించి, పేజీ చిరునామా అతికించి చూస్తే ఇటువంటి లోపం అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

వేగం సంగతి కూడా చూడాలి. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు తెరకు రావాలనీ, వేలు నొక్కిన తరువాత 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలనీ గూగుల్ కొలతలు పెట్టింది. ఫోనుతో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోలను కుదించకుండా ఎక్కించడమే మన సైట్లు మొదటి కొలత తప్పడానికి నేను ఎక్కువగా చూసిన కారణం; తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ రూపంలోకి మారిస్తే చాలావరకు తీరిపోతుంది. గూగుల్ ఇప్పుడు సైటును ఫోను తెర మీద కనిపించే రూపంలోనే చదువుతుంది, కాబట్టి కంప్యూటరులో అందంగా ఉందని సంతృప్తి పడకూడదు.

దుకాణానికి మనుషులు నడిచి రావలసిన వ్యాపారమైతే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను (గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ దుకాణం వివరాలు చూపే పుటను) సైటుతో సమానంగా చూసుకోవాలి. అక్కడ వరుసను నిర్ణయించేవి వెతికినదానితో పొందిక, దూరం, పేరుప్రఖ్యాతులు. పటమటలో ఏసీ మరమ్మతు చేసేవారు ‘బెంజి సర్కిల్‌లో ఏసీ రిపేరు’, ‘గుణదలలో ఏసీ రిపేరు’, ‘భవానీపురంలో ఏసీ రిపేరు’ అంటూ పేట పేరు తప్ప ఏమీ మారని ఇరవై పేజీలు పెట్టడం చూస్తుంటాను. గూగుల్ వీటిని డోర్‌వే పేజీలు అంటుంది, నిబంధనలకు విరుద్ధమని స్పష్టంగా చెబుతుంది. ఏయే ప్రాంతాలకు ఏ వేళల్లో వస్తారో, రానుపోను ఛార్జీ ఎంతో రాసిన ఒక్క మంచి పేజీ చాలు.

ఇతర సైట్ల నుంచి వచ్చే లింకులకు గూగుల్ పుట్టిన 1998 నుంచీ విలువ ఉంది, అందుకే వాటిని అమ్మేవారూ పుట్టుకొచ్చారు. కొనవద్దు. నెల రోజుల్లో మొదటి స్థానం గ్యారంటీ అని రాసిచ్చేవారికి డబ్బు ఇవ్వవద్దు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

రాసి పెట్టిన తరువాత కొన్ని వారాలు ఆగి సెర్చ్ కన్సోల్‌లో పనితీరు నివేదిక తెరవాలి. ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపించిందో, ఎన్నో స్థానంలో కనిపించిందో, ఎందరు నొక్కారో అందులో ఉంటుంది. 16 నెలల లెక్క దొరుకుతుంది. ఎక్కువసార్లు కనిపించి, 8 నుంచి 20 స్థానాల మధ్య ఆగిపోయిన మాటలను ముందు పట్టుకోవాలి, ఎందుకంటే కొద్దిపాటి సవరణతో పైకి వచ్చే అవకాశం వాటికే ఎక్కువ. ఆ మిర్చి వ్యాపారి నివేదికలో మేము సైటులో ఎక్కడా రాయని మాట ఒకటి 17వ స్థానంలో కనిపించింది: ‘ముచ్చికలు తీసిన మిర్చి’. పేజీ నిండా మేము తొడిమ అని రాశాము. ఆయన నవ్వి, వెనక గదిలో కాయలు వలుస్తున్న ఆడవాళ్ళను పిలిచి అడిగితే వారంతా ముచ్చిక అనే అన్నారు. ఆ సాయంత్రమే శీర్షికలో ఆ మాట చేర్చి, వారు వలుస్తున్న ఫొటో ఒకటి పెట్టి, పేజీని మళ్ళీ చూడమని సెర్చ్ కన్సోల్ ద్వారా గూగుల్‌కు విన్నవించాము.