క్రిస్మస్ సెలవులకు పిల్లల పుస్తకాల ఎంపిక

పుస్తకం కొనే ముందు మధ్యలోని ఒక పేజీని పిల్లల చేత పైకి చదివించి, తెలియని మాట ఎదురైనప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ ముగిసేలోపే ఐదు వేళ్లూ ముడుచుకుంటే, ఆ పుస్తకాన్ని మీరే రాత్రిపూట చదివి వినిపించడానికి ఉంచుకోవడం మంచిది. అక్షరాలు కూడబలుక్కునే వయసువారికి పేజీకి రెండు మూడు వాక్యాలు, నిండైన బొమ్మలు ఉంటే చాలు. తెలుగు చదవడంలో తడబడేవారికి, ముఖ్యంగా విదేశాల్లో పెరుగుతున్నవారికి, ప్రథమ్ బుక్స్ సంస్థ స్టోరీవీవర్ అనే తన వెబ్‌సైట్‌లో స్థాయుల వారీగా ఉచితంగా అందిస్తున్న తెలుగు కథలు ఎంతో అనుకూలంగా ఉంటాయి. నీతికథలే కొనాలన్న పట్టుదల (ఇది పెద్దలకే ఉండే జబ్బు) సెలవుల్లోనైనా మానండి. హైదరాబాద్‌లో సాధారణంగా డిసెంబరులో జరిగే పుస్తక ప్రదర్శనకు పిల్లలను వెంట తీసుకువెళ్లి, కనీసం ఒక పుస్తకాన్ని, అది హాస్యకథైనా బొమ్మల కథైనా, పూర్తిగా వారి ఇష్టానికే వదలండి.