కోసిన, కోసే, కోయని: మా పిల్లలకు పట్టుబడిన తీరు

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో ఒడిశాలో కలిసింది కాబట్టి మా పిల్లల చదువు ఒడియాలో. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే మాత్రం 'కోసిన పంట' అనడానికి బదులు 'ఏ పంట కోశామో ఆ పంట' అని చుట్టు తిప్పేవారు.

క్రియాజన్య విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టి నామవాచకాన్ని వర్ణించే మాట. ఆ పేరు వింటేనే వాళ్లకు టెన్షన్. అందుకే ఆ పేరు పక్కన పెట్టి, 'కోయు' ఒక్కదాన్నే పట్టుకున్నాను. 'పంట కోశాం'లో చివరి క్రియను ముందుకు తెమ్మన్నాను. 'కోసిన పంట' అయింది. తర్వాత కోస్తున్న, కోసే, కోయని. ఈ 'కోయని'కి కాలభేదం లేదు, నిన్నటికీ రేపటికీ అదే. అది తెలిశాక వాళ్ల ముఖాలు తేటపడ్డాయి.

క్రియల నుంచి నామవాచకాలు చేయడం దగ్గరే ఎక్కువసేపు పట్టింది. కోయడం, మేయడం, నడవడం ఒకే దారిలో వస్తాయి. కానీ కోత, మేత, పూత ఒక జట్టు. నడుచు నడక అవుతుంది, ఆడు ఆట అవుతుంది. వీటికి ఒకే సూత్రం చెప్పి బట్టీ పట్టించకండి, దండగ. పొలం పనుల్లో వినబడేవి అమ్మమ్మను అడిగి రాసుకోమన్నాను. నూర్పు, మోత, అల్లిక వచ్చాయి. 'కోసినవాళ్లు', 'కోయనివాళ్లు' మాత్రం నేను చెప్పకుండా వాళ్లే కట్టుకున్నారు.