పాలిచ్చే అమ్మ బయోలాజిక్ ఇంజెక్షన్ వేసుకునే ముందు

కీళ్లవాతానికి అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు) ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టమన్నారని టెన్షన్ పడి పాలు మాన్పించేయకండి. అది చాలా పెద్ద ప్రోటీన్, పాలల్లోకి వెళ్లేదే బహు తక్కువ, వెళ్లిన ఆ కాస్తా బిడ్డ కడుపులో చాలావరకు అరిగిపోతుంది.

అసలు చూసుకోవాల్సింది టీకాల సంగతి. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, ఈ మందు వాడి ఉంటే అది మాయ ద్వారా బిడ్డ రక్తంలోకి చేరి కొన్ని నెలలు ఉంటుంది, అందుకే బీసీజీ, రోటావైరస్ చుక్కల్లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) వేయించే ముందే పిల్లల డాక్టరుకు మందు పేరు, ఆఖరి డోసు తేదీ చెప్పండి. నేనైతే టీకా కార్డు మీదే ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకున్నాను, ఆ రోజు బిడ్డ ఏడుపులో ఏదీ గుర్తుండదు.

మొదటిసారైతే ముందు టీబీ పరీక్ష. జ్వరం ఉన్నా, పాలు గడ్డకట్టి రొమ్ము వాచినా డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. చీటీలో కీళ్లవాతానికే ఇచ్చే మరో మందు మెతోట్రెక్సేట్ కూడా ఉందేమో చూడండి, పాలిచ్చేటప్పుడు అది వద్దంటారు.

విశాఖలో జగదాంబ నుంచి గాజువాక దాకా మే ఎండలో ఇంజెక్షన్ బస్సులో తెస్తే ఐస్ ప్యాక్ తప్పనిసరి, కానీ సిరంజికి నేరుగా తగలనివ్వకండి, మందు గడ్డకడితే పారేయాల్సిందే. ఇంట్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో. వేసుకునే 15–30 నిమిషాల ముందు బయట పెట్టండి.