పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను వెబ్ సర్వర్‌తో తెరిపించిన తీరు

హనుమకొండలోని మా స్టూడియోలో పెళ్లి ఫొటోలు ఒక కంప్యూటర్‌లో, వాటిని బ్రౌజర్‌లో చూపించే ఐఐఎస్ (విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) మరో దానిలో ఉంటాయి. షేర్ చేసిన ఫోల్డర్ నాకు చక్కగా తెరుచుకునేది. బ్రౌజర్‌లో మాత్రం 500.19 ఎర్రర్, అంటే ఆ ఫోల్డర్ సెట్టింగ్స్‌ను సర్వర్ చదవలేకపోయిందని.

అక్కడ తలుపు తట్టేది నేను కాదు, వెబ్ సర్వర్. దాని ఖాతా పక్క కంప్యూటర్‌కు తెలియదు. అన్ని కంప్యూటర్ల ఖాతాలనూ ఒకేచోట నడిపే విండోస్ డొమైన్ ఉంటే సర్వర్ కంప్యూటర్ ఖాతాకే, అంటే పేరు చివర డాలర్ గుర్తున్న దానికే, అనుమతి ఇవ్వవచ్చు. మాది వర్క్‌గ్రూప్, ఏ కంప్యూటర్ ఖాతాలు దానివే. కాబట్టి రెండింటిలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో మామూలు ఖాతా సృష్టించి, ఐఐఎస్‌లో ఆ ఫోల్డర్‌ను సైట్‌కు కలిపే వర్చువల్ డైరెక్టరీలోని ‘కనెక్ట్ యాజ్’లో దాన్నే ఇచ్చాను.

అయినా ఫొటోలు రాలేదు. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికిచ్చే షేర్ అనుమతి, డిస్క్‌లోని ఫోల్డర్‌కే ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి వేర్వేరు. రెండింటిలో ఏది బిగువైతే అదే చెల్లుతుంది. రెండుచోట్లా ‘రీడ్’ ఇచ్చాకే కదిలింది. ‘ఎవ్రీవన్’కు, అంటే అందరికీ, పూర్తి హక్కులిచ్చేయమని మిత్రులు చెబుతారు. కస్టమర్ల ఫొటోలున్న చోట నేనైతే ఆ పని చేయను.

షేర్ ఫోల్డర్‌కు పెట్టుకునే జెడ్ డ్రైవ్ లాంటి అక్షరం ఇక్కడ పనికిరాదు, అది లాగిన్ అయినవారికే కనిపిస్తుంది. నెట్‌వర్క్ పాత్ (\\కంప్యూటర్ పేరు\షేర్ పేరు) పూర్తిగా రాయాలి. పాస్‌వర్డ్ మారిస్తే రెండు కంప్యూటర్లతోపాటు ఐఐఎస్‌లోనూ మార్చాలి.